వస్తున్నారట

లిఫ్టులు తయారుచేసి అమ్మి, అవి మధ్యలో ఆగిపోతే మనుషుల్ని పంపి తెరిపించే కంపెనీ అది. లోపల ఇరుక్కున్నవాళ్లు గంట బొమ్మ ఉన్న మీట నొక్కితే ఆ కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఎవరో ఒకరు పలుకుతారు. అలా పలికేవాళ్లకి ఇంగ్లీషు నేర్పే టీచరమ్మని ఆఫీసంతా వుడ్ మేడమ్ అంటుంది. ఎదురుగా కాదనుకోండి.

ఆ పేరు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒక ఆపరేటరు "ఇదిగో వచ్చేస్తున్నాం" అని నోరు జారాడు. రావాల్సిన మెకానిక్ ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. లిఫ్టులో ఉన్న పెద్దమనిషి బయటపడ్డాక ఆ ఒక్క మాట పట్టుకుని కోర్టుకెక్కాడు. ఆనాటి నుంచి కంపెనీకి 'విల్' అంటే ఒళ్లు మంట. సాయం చేస్తామని ఎవరూ అనకూడదు. ఫలానాది కుదిరితే చేయగలిగేవాళ్లం, వీలుంటే చేసేవాళ్లం, ఇంగ్లీషులో 'వుడ్', అంతవరకే. పైగా ప్రతి కాల్ రికార్డవుతుంది. దాన్ని వినే ఆడిటర్లకి ఇంగ్లీషు తప్ప రాదు కాబట్టి అవతలివాళ్లు ఏ భాషలో ఏడ్చినా ఇవతల ఇంగ్లీషులోనే ఓదార్చాలి. నీళ్లు నమలడానికి కూడా జీతమిచ్చి టీచరుని పెట్టుకునే రోజులు మరి.

ఆ పాఠం చెప్పడంలో మేడమ్‌ది అందె వేసిన చెయ్యి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేది.

"విల్ అంటే మాటిచ్చినట్టు. మాటిస్తే ఇరుక్కున్నట్టు. వుడ్ అని, వెంటనే ఇఫ్ పెట్టండి. ఆ ఇఫ్ వెనకాల ఎంత పెద్ద కంపెనీ అయినా దాక్కోవచ్చు."

కొత్తగా చేరినవాళ్లలో ఒకమ్మాయి ఉంది. మాట గబగబా వచ్చేస్తుందని అందరూ గడగడ అంటారు. క్లాసులో ఉత్తుత్తి కాల్ చేయిస్తే చాలు, "డోంట్ వర్రీ, ఐ విల్ హెల్ప్ యూ" అనేసేది. ఎన్నిసార్లు దిద్దినా అంతే.

"పాపం, లోపల ఇరుక్కుని ఉంటారు కదా మేడమ్. వస్తున్నామంటే కాస్త ధైర్యంగా ఉంటుంది కదా."

"వాళ్లు ఇరుక్కుంది లిఫ్టులో. నువ్వు ఇరుక్కునేది ఉద్యోగంలో," అంది మేడమ్. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు మేడమ్‌కి బాగానే అనిపించింది, ఉన్నమాట చెప్పుకోవాలి. "ఇంకొక్కసారి విల్ అన్నావో, నేనే సంతకం పెట్టి ఇంటికి పంపిస్తాను. ఎవరు బతిమాలినా సరే. నేనే వచ్చి బతిమాలినా సరే."

గడగడ తల వంచుకుని వాక్యం పదిసార్లు రాసింది. వుయ్ వుడ్ బి హ్యాపీ టు హెల్ప్, ఇఫ్.

మేడమ్‌కి ఇంట్లో ఉన్నది పెద్దమ్మ ఒక్కతే. అమ్మ పోయాక ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆవిడకి ఆయాసం. ఆస్పత్రి, మందులు అన్నీ కంపెనీ ఇచ్చిన కార్డు మీదే నడుస్తాయి. అందుకే మేడమ్ ఆ ఉద్యోగాన్ని కంటికి రెప్పలా కాచుకుంటుంది. వాళ్లుండేది అయిదో అంతస్తు. మెట్లు దిగడం పెద్దమ్మ వల్ల కాదు. ఆ బిల్డింగులో లిఫ్టు కూడా ఆ కంపెనీదే.

గడగడ క్లాసు ముగించి హెల్ప్‌లైన్‌లో కూర్చున్న కొత్తలో, ఒక సాయంత్రం ఇద్దరూ డాక్టరు దగ్గరికి బయల్దేరారు. మేడమ్ తొందరలో చేతిసంచీ తీసుకుంది గానీ, బల్ల మీదున్న ఇన్‌హేలర్ మర్చిపోయింది. రెండంతస్తులు దిగి లిఫ్టు ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. ఫ్యాను ఆగింది. ఫోనులో సిగ్నల్ లేదు. పెద్దమ్మ సంచీలో చెయ్యిపెట్టి వెతికి, మళ్లీ వెతికి, మేడమ్ ముఖంలోకి చూసింది.

మీట నొక్కింది. గోడలో చిల్లుల రేకు వెనకనుంచి గొంతు పలికింది. "థాంక్యూ ఫర్ కాలింగ్. వుయ్ వుడ్ బి హ్యాపీ టు హెల్ప్, ఇఫ్ యూ కుడ్ టెల్ అస్ ద బిల్డింగ్ నేమ్."

గడగడ గొంతు. ఇంత నిదానంగా ఆ పిల్ల మాట్లాడగా మేడమ్ ఎన్నడూ వినలేదు.

"నేనేనమ్మా, మీ మేడమ్‌ని." బిల్డింగు పేరు చెప్పింది. "మా పెద్దమ్మకి ఆయాసం. మందు ఇంట్లో ఉండిపోయింది. తొందరగా ఎవర్నైనా పంపించు."

అవతల కీబోర్డు టకటకలాడింది. ఆ తర్వాత మాట వచ్చింది. "వుయ్ వుడ్ సెండ్ ఎ మెకానిక్, ఇఫ్ వన్ వర్ అవైలబుల్."

మెకానిక్ అంటూ ఉంటే పంపేవాళ్లం. ఉన్నాడని కాదు, లేడనీ కాదు. వాక్యం ఎక్కడా తప్పు లేదు. క్లాసులో అయితే మేడమ్ శభాష్ అనేది.

"ఏమంటోందే?" పెద్దమ్మ గోడకి చేరగిలబడింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఛాతీలోంచి సన్నటి ఈల మొదలైంది.

మేడమ్ నోరు దానంతటదే తెరుచుకుంది. "వస్తున్నారట, పెద్దమ్మా."

"ఎంతసేపట్లోనట?"

"ఎంతసేపు పడుతుందమ్మా?" అని మేడమ్ గోడని అడిగింది.

"ఇట్ వుడ్ డిపెండ్ ఆన్ ద ట్రాఫిక్, మేడమ్."

"దగ్గర్లోనే ఉన్నారట," అంది మేడమ్.

పెద్దమ్మ కింద చతికిలబడి కళ్లు మూసుకుంది. వస్తున్నారన్న మాటని లెక్కపెట్టుకుంటున్నట్టు నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. కాసేపటికి ఆ నెమ్మది కూడా పోయింది. పెదాలు నల్లబడుతున్నాయి. మేడమ్ రేకుకి నోరు ఆనించి బతిమాలింది.

"తల్లీ, ఒక్కమాట తెలుగులో చెప్పవే. బయల్దేరాడా లేదా? ఆవిడ నీ మాట వింటుంది. వస్తున్నారని ఒక్కసారి అను చాలు."

గడగడ ఊపిరి వినబడుతోంది. చివరికి, "వుయ్ వుడ్ హావ్ హెల్ప్డ్ సూనర్, ఇఫ్ వుయ్ కుడ్ హావ్."

వీలై ఉంటే ముందే సాయం చేసి ఉండేవాళ్లం. అది ఆఖరి పాఠంలోని వాక్యం. అంతా అయిపోయాక, చేతులు దులుపుకునేటప్పుడు వాడమని తనే నేర్పిన వాక్యం.

"ఏమంటోందే?" ఈసారి పెద్దమ్మ గొంతు రాలేదు, పెదాలు మాత్రమే కదిలాయి.

"వచ్చేశారట. కిందే ఉన్నారట. మెట్లెక్కుతున్నారట." మేడమ్ ఆవిడ వీపు నిమురుతూ ఒకదాని మీద ఒకటి అబద్ధాలు పేర్చుకుంటూ పోయింది. పెద్దమ్మ ఒక్కొక్క అబద్ధానికి ఒక్కొక్క ఊపిరి తీసింది.

అబద్ధాలు అడుగంటుతుండగా పైన ఇనుప కడ్డీ చప్పుడైంది. తలుపు సందులోంచి వెలుతురు పడింది. స్ట్రెచర్ మీద ఎక్కించేటప్పుడు పెద్దమ్మ మేడమ్ వేలు పట్టుకుని, "చూశావా, ఆ పిల్ల చెప్పినట్టే వచ్చారు," అంది.

పెద్దమ్మ ఆస్పత్రిలో కోలుకుంటుండగానే మేనేజరు మేడమ్‌ని పిలిచాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఇదండీ కాల్ అంటే. సాక్షాత్తు మీరే బతిమాలినా ఆ పిల్ల నోట ఒక్క విల్ రాలేదు. ఇకనుంచి ప్రతి బ్యాచ్‌కీ ఇదే వినిపించండి. మీ పాఠానికి ఇంతకన్నా ఏం కావాలి?"

బయట గడగడ నిలబడి ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మీరు బిల్డింగు పేరు చెప్పగానే మెకానిక్‌కి మెసేజ్ పెట్టేశాను మేడమ్. పక్కవీధిలో పని వదిలేసి బయల్దేరాడు. వస్తున్నాడని నాకు తెలుసు. చెప్పడానికే భయమేసింది. మీరే బతిమాలినా సరే అన్నారు కదా, నన్ను పరీక్షిస్తున్నారేమో అనుకున్నాను."

"బాగా చేశావు," అంది మేడమ్. నేర్పినవాళ్లు అనాల్సిన మాట అదొక్కటే మిగిలింది.

మర్నాడు క్లాసులో రికార్డింగు పెట్టింది. మేనేజరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తన ఏడుపు తనే వింటూ మేడమ్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. అయిపోయాక వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

"ఆపరేటరు వస్తున్నామని అనలేదు కదా మేడమ్. మీరెందుకు అలా చెప్పారు?"

"అలా చెప్పకపోతే ఆవిడ తట్టుకోలేదు."

"మరి లోపల ఒక్కరే ఉంటే? పక్కన అలా చెప్పే మనిషి లేకపోతే?"

మేడమ్ గుమ్మం వైపు చూసింది. మేనేజరు నవ్వుతూనే ఉన్నాడు. పెద్దమ్మ ఆస్పత్రి కార్డు మేడమ్ సంచీలో ఉంది. "తర్వాతి వాక్యం రాసుకోండి," అంది మేడమ్. అందరూ తలలు వంచి రాసుకున్నారు. మేడమ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

పెద్దమ్మని నలుగురు కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా ఇంటికి చేర్చారు. మళ్లీ డాక్టరుకి చూపించాల్సిన రోజు వచ్చింది. ఆవిడ లిఫ్టు ముందు మొండికేసింది. చచ్చినా ఎక్కనంది. ఇంట్లోనే పోతానంది. మేడమ్ బతిమాలగా బతిమాలగా పెద్దమ్మ కాస్త మెత్తబడింది.

"ఆ పిల్ల ఉంటానంటే ఎక్కుతాను. మాట మీద నిలబడే పిల్ల. అడుగు."

కాదనడానికి మేడమ్‌కి దారి లేదు. ఇద్దరూ లోపలికి అడుగుపెట్టారు. మేడమ్ తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దమ్మే వెతుక్కుని మీట నొక్కింది.

"థాంక్యూ ఫర్ కాలింగ్." ఈసారీ పలికింది గడగడే.

"అమ్మాయీ, నేను వుడ్ మేడమ్ వాళ్ల పెద్దమ్మనమ్మా." ఆ పేరు ఆవిడకెలా తెలిసిందో మేడమ్‌కి అర్థం కాలేదు. "మొన్న నీ మాట పట్టుకునే బతికాను. ఇవాళ కూడా ఇది ఆగితే వస్తావుగా?"

రేకు వెనక చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. మేడమ్ రేకు వైపు వంగింది. అను, ఈ ఒక్కసారికి అనేయి, నీకేం కాకుండా నేను చూసుకుంటాను అని చెప్పాలనుకుంది. చెప్పలేదు. అది కూడా రికార్డవుతుంది.

"వుయ్ వుడ్ బి హ్యాపీ టు హెల్ప్," అంది గడగడ. "ఇఫ్ వుయ్ కుడ్."

"ఏమంటోందే?"

మేడమ్ పెద్దమ్మ ముఖంలోకి చూడలేక గోడకేసి చూసింది. "వస్తుందట," అంది.

పెద్దమ్మ తృప్తిగా తలూపి మేడమ్ చెయ్యి తలుపు మీంచి తీసేసింది. తలుపులు మూసుకున్నాయి.