గుమ్మంలో ఖాళీ

నతానియేలుగారు పోయి రెండేళ్లయింది. పిల్లల మనసు గురించి ఆయన చెప్పింది ఇప్పుడు ఎన్నో కాలేజీల్లో పాఠం. ఆ పాఠానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం అమలాపురంలో మా ఇంటి బీరువాలో ఉండేది. గల్ఫ్ వెళ్లినవాళ్ల పిల్లలు గీసిన నలభై మూడు బొమ్మలు. పెన్సిలిచ్చి, మీ ఇల్లు గియ్యమనేవారాయన. గీసినదాన్ని కాదు, గియ్యకుండా వదిలేసినదాన్ని చూసేవారు. వెళ్లిపోయిన మనిషి చోటు గుమ్మంలోనో, మంచం మీదో ఖాళీగా ఉండేది. ఆయన చెప్తుంటే ఆ ఖాళీని స్కేలు పెట్టి కొలిచింది ఆయన దగ్గర పనిచేసిన నేనే, పద్నాలుగేళ్లపాటు.

తొంభై ఆరు తుపానుకి కొలతల పుస్తకాలు కొట్టుకుపోయాయి, ఆ బొమ్మల కాగితాలు తడిసి చివికిపోయాయి. వాటిని భద్రం చెయ్యమని యూనివర్సిటీకి రాసి రాసి నా చేతులు పడిపోయాయి. ఏడో ఏట జవాబొచ్చింది. గురువారం వచ్చి తీసుకెళ్తారట, ఈలోగా అట్టలకి అంటించి ఉంచాలట. కొత్తపేటలో బోర్డులు రాసే ముత్యాలరాజు పని నీటుగా చేస్తాడని అందరూ చెప్తే అతనికిచ్చాను. నా బుద్ధి గడ్డి తింది.

బుధవారం వెళ్లేసరికి అట్టలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. మొదటి బొమ్మలో, గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. రెండోదాంట్లో మంచం మీద చీర కట్టుకున్న తల్లి. గబగబా అన్నీ తిప్పి చూశాను. ఒక్క ఖాళీ మిగల్లేదు. మగవాళ్లందరికీ తెల్లచొక్కా, చేతికి వాచీ, పక్కన సూట్‌కేసు. అంతా చెరగని నల్ల ఇంకు.

నోటికొచ్చినట్టు తిట్టాను. రేపు వాళ్లొస్తే ఏం చూపించను, ఒక మనిషి జీవితమంతా చేసిన పనిని నాలుగు రోజుల్లో బూడిదలో పోశావన్నాను. ఎవరు గియ్యమన్నారని అడిగాను. అతను అట్టల చివర నుంచి ఒకటి తీసి నా చేతికిచ్చాడు. కాగితం మూల నా చేతిరాతే: లోవమ్మ, ఎనిమిదేళ్లు.

"మా అమ్మాయండి. నేను కువైట్‌లో ఉన్నప్పుడు గీసిందండి. అందులో వాళ్లమ్మ ఉంది, నాయనమ్మ ఉంది, ఆఖరికి మేక కూడా ఉందండి. నేనే లేను. ఉండబట్టలేక నన్ను గీసుకున్నానండి. తర్వాత మిగతా పిల్లలవి అలా వదిలెయ్యబుద్ధి కాలేదండి."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ. ఆ ఖాళీలన్నీ నా చేత్తో నేను కొలిచినవి. ఇప్పుడు నా మాట తప్ప వాటికి ఋజువు లేదు.

మీ అమ్మాయికి చూపించావా అని అడిగాను.

"ఆయ్. ఆదివారం రాజోలు నుంచి వచ్చిందండి, అత్తారింటి నుంచి. చాలాసేపు చూసిందండి." ముత్యాలరాజు కుంచె చివర గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. "మన గుమ్మంలో ఈయనెవరు నాన్నా అని అడిగిందండి."

నేను సంచిలోంచి పెన్సిలు తీసి, ఆ అట్ట వెనక తేదీ వేసి, ఆ పిల్ల అన్న మాట అన్నట్టే రాశాను. నతానియేలుగారుంటే ముందు అదే చేసేవారు. మిగిలిన నలభై రెండింటి వెనక రాయడానికి నా దగ్గర అలాంటి సాక్ష్యం ఏదీ లేదు.