కర్ర గుండీలు

కళ్లద్దాల దుకాణం నడిపే ఆయనకు స్నేహితులు పెట్టిన పేరు జేబులాయన. పాత సైన్యపు కోట్లు, జాకెట్లు పోగుచేయడం ఆయన పిచ్చి. ఎవరైనా పొరపాటున ఆ గదిలోకి తొంగిచూశారా, ఇక అయిపోయినట్టే. ఈ జేబు ఏటవాలుగా ఎందుకుందో తెలుసా? ట్రక్కులో కూర్చున్నవాడి చెయ్యి నిటారుగా కిందికి పోదు కాబట్టి. గుండీల మీద ఈ పట్టీ ఎందుకు? ముళ్లకంచె కింద పాకేటప్పుడు గుండీ తగులుకోకూడదని. వెనకాల చీలిక? ఆ రెండు కొసలూ తొడలకు కట్టుకుంటే చలిగాలి దూరదు. "ఇందులో ఏదీ సోకు కోసం పెట్టింది కాదు. ఎవడో ఇబ్బంది పడ్డాడు, ఆ ఇబ్బందికి జవాబు కుట్టారు" అని ముగించేవాడు. ముగిసింది కదా అని లేవబోతే ఇంకో జాకెట్ తీసేవాడు.

"నాకో బీరువా, మీ పటాలానికి ఓ గదీనా?" అని భార్య సణిగేది. పటాలం మాత్రం పెరుగుతూనే ఉంది.

ఎండలు ముదిరిన రోజుల్లో అక్క ఒక సంచి తెచ్చిచ్చింది. అందులో బావ ఓవర్‌కోటు ఉంది. ఆయనకు సైన్యంలో ఉన్నప్పుడు ఇచ్చిన కోటు అది. ఆయన పోయాక అక్కే తొడుక్కుంటోంది. బస్సు డిపో క్యాంటీన్లో ఆమె పని. అందరికంటే ముందు వెళ్లి పొయ్యి వెలిగించాలి, చలికాలంలో ఆ దూరమంతా మంచులో నడిచే వెళ్లాలి.

"లైనింగ్ చిరిగిందిరా. నీ చెయ్యి మంచిది కదా, కాస్త కుట్టిపెట్టు. చలి మొదలయ్యేసరికి ఇస్తే చాలు" అంది.

అక్క మెట్లు దిగిందో లేదో, జేబులాయన కోటును బల్ల మీద పరిచి భూతద్దం తీశాడు. కాలర్ కింది కుట్టు చూశాడు, లోపలి జేబు మీద వెలిసిపోయిన ముద్ర చూశాడు. ఇక కాళ్లు నేల మీద ఆగలేదు. ఇది మొదటి రకం! తొలిసారి తయారుచేసినప్పుడు ఈ కోటుకు మరీ చిన్న గుండీలు పెట్టారు. చేతికి తొడుగు వేసుకున్నవాడికి అవి వేళ్లకు చిక్కేవి కావు. సిపాయిలు తిట్టిపోశాక రెండో రకానికి పెద్ద గుండీలు వచ్చాయి. మొదటివాటిని చాలామటుకు మార్చేశారు, లేదంటే పారేశారు. ఆ తప్పు తప్పుగానే మిగిలిన కోటు దొరకడం గగనం. అందుకే పోగుచేసేవాళ్లు దానికోసం పడిచస్తారు.

బావ కోటుకు ఆ చిన్న గుండీలు లేవు. ఆయన వాటిని పీకేసి, చీపురు కర్ర ముక్కలు కోసి కుట్టాడు. ఎదురుగా బూటు లేసుతో లూపులు పెట్టాడు. పోనీ అవైనా ఒక వరసలో ఉన్నాయా అంటే అదీ లేదు. ఒకటి ఎడమకు జరిగింది, ఒకటి కిందికి దిగింది.

"ఎంత పని చేశావు బావా!" అని జేబులాయన నెత్తి కొట్టుకున్నాడు.

ఎందుకు చేశాడని మాత్రం ఆలోచించలేదు. లోకంలోని ప్రతి జేబుకూ కారణం వెతికే మనిషికి, ఇంట్లో మనిషి కుట్టుకూ ఓ కారణం ఉంటుందని తట్టలేదు. బావది మొదట్నుంచీ మొరటు పనేనని తేల్చేశాడు.

లైనింగ్ శుభ్రంగా కుట్టాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోయేది. బ్లేడుతో కర్రముక్కలూ లేసులూ ఊడదీసి చెత్తబుట్టలో వేశాడు. తన డబ్బాలోంచి ఆ కాలపు చిన్న గుండీలు ఏరి, ఫ్యాక్టరీవాళ్లు పొడిచిన రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి కుట్టాడు. తప్పు చేస్తున్నానని అనిపించకపోగా, అక్క కోసం మెత్తటి జిప్పు కోటొకటి కొనిపెట్టాడు. అది ఇచ్చి ఇది పుచ్చుకోవాలని ఆయన ఎత్తు.

ఏ బట్ట ఇచ్చినా ముందు లేబుల్ వెతికే స్నేహితుడొకడున్నాడు, వాణ్ని అందరూ లేబులయ్య అనే పిలుస్తారు. వాడొచ్చి కోటు చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "ఆదివారం మన పాత కోట్ల ప్రదర్శనలో మధ్యలో పెట్టేది ఇదే" అన్నాడు. జేబులాయన మొహం చేటంత అయింది.

ఆదివారానికి ముందే చలి వచ్చిపడింది. వెనకాలే అక్కా వచ్చింది.

జేబులాయన ముందు ఆమెకు కొత్త కోటు తొడిగాడు. ఆమె జిప్పు కొస పట్టుకోబోయింది, జారింది. మళ్లీ పట్టుకోబోయింది.

"బాగుందిరా. కానీ ఈ కొస నా వేళ్లకు దొరకదు. నా కోటే తే."

తెచ్చాడు. తొడుక్కోగానే ఆమె చెయ్యి తనంతట తానే గుండెల మీదికి పోయి, అక్కడ ఏమీ దొరక్క ఆగింది. తలవంచి చూసుకుంది.

"గుండీలు మార్చావా?"

"అసలైనవి పెట్టానక్కా. కొత్తలో ఇలాగే ఉండేది."

"ఓహో" అని ఆమె ఒక గుండీ పట్టుకుంది. అది వేళ్ల సందులోంచి జారింది. ఇంకోటి పట్టుకుంది. జేబులాయన అప్పుడు చూశాడు ఆ వేళ్లను. కణుపులు వాచి, కొసలు పక్కలకు తిరిగి ఉన్నాయి. అక్క ఇంటికి వస్తూ పోతూనే ఉంది, ఆయన మాత్రం ఎన్నడూ చూడలేదు.

"వేళ్లిలా అయ్యాక మీ బావే పెట్టాడురా ఆ కర్రముక్కలు. అప్పటికే మంచం పట్టాడు. 'నేనున్నన్నాళ్లూ నేనే పెడతాను, తర్వాత నీకు గుండీలు పెట్టేదెవరే?' అని పడుకునే కుట్టాడు."

జేబులాయనకు తల కొట్టేసినట్టయింది. భార్య కాఫీ తెచ్చి, విషయం తెలియక, ఆదివారం ప్రదర్శన సంగతి చెప్పేసింది.

"ముందే చెప్పొచ్చు కదరా" అంటూ అక్క కోటు విప్పేసింది. "ముచ్చటపడ్డావు, ఉంచుకో. నాకు శాలువా చాల్లే."

మరదలి శాలువా కప్పుకుని వెళ్లిపోయింది. నడుస్తుంటే శాలువా భుజం మీంచి జారడం, ఆమె మోచేత్తో ఎగదోసుకోవడం కిటికీలోంచి కనిపించింది. ఏ ఎత్తూ అక్కర్లేకుండానే కోటు ఆయనదైంది. ఆయనకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

చెత్తబుట్ట ఎప్పుడో ఖాళీ అయింది. జేబులాయన ఆ కోటు తగిలించిన కర్ర హ్యాంగరునే రంపంతో ముక్కలు కోశాడు. తన బూట్ల లేసులు ఊడదీశాడు. అదే సమయానికి లేబులయ్య వచ్చాడు.

"మతి పోయిందా? కొత్తగా రంధ్రాలు పొడిస్తే ఇంకెందుకూ పనికిరాదు! ఆదివారం దాకా ఆగు."

"మా అక్కకు చలి రేపు పొద్దున" అన్నాడు జేబులాయన తల ఎత్తకుండా.

ఈసారి స్కేలు పెట్టి, గీత గీసి, ముక్కలన్నీ ఒకే వరసలో కుట్టాడు. మర్నాడు ఇంకా వెలుతురు రాకముందే అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె కోటు తొడుక్కుంది. చెయ్యి గుండెల మీదికి పోయింది. కర్రముక్క తగల్లేదు. తడుముకుంది.

"ఇంత తిన్నగా కుట్టావేంట్రా?"

"బావ వంకరగా కుట్టాడు కదక్కా, అందుకని..."

"వంకరేంట్రా! నన్ను మంచం పక్కన నిలబెట్టి, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టమన్నాడు. చెయ్యి ఎక్కడ పడితే అక్కడ కుట్టాడు. చీకట్లో కూడా దొరకాలని."

జేబులాయన జేబులోంచి సుద్దముక్క, బ్లేడు, సూది తీసి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుట్టిన ముక్కలు ఊడదీశాడు.

"కళ్లు మూసుకో అక్కా."

ఆమె చెయ్యి వచ్చి గుండెల మీద ఒకచోట ఆగింది. ఎడమకు, కాస్త కిందికి. గుర్తు పెడదామని ఆయన సుద్దముక్క ఎత్తి, దీపం దగ్గరికి జరిపాడు. బావ సూది పొడిచిన రంధ్రాలు ఆమె వేలి కిందే ఉన్నాయి.

సుద్దముక్క పక్కన పెట్టి, సూదిలో దారం ఎక్కించాడు.