గంజి పెట్టిన బోనఫైడ్

ఐలయ్య తెగిన పోగును ముడివేసి, సాంచా మగ్గాన్ని మళ్లీ నడిపించి, దండెం మీద ఆరేసిన కాగితాన్ని వేలితో తట్టి చూశాడు. మరమగ్గాల మోతలో చప్పుడు వినబడలేదు గానీ, వేలికి గట్టిదనం తెలిసింది. అతని బక్క మొహం విప్పారింది.

అది బిడ్డ శ్రీవాణి బోనఫైడ్. జగిత్యాల కాలేజీలో ఆమె చేరిందని చెప్పే కాగితం. అది చూపిస్తేనే హాస్టల్లోకి రానిస్తారు. ఈ సాయంత్రం దాటితే ఆ మంచం ఇంకో పిల్లకు పోతుంది. నిన్న బస్సు దిగుతుంటే ఆ కాగితం వానకు తడిసి పేలికలా అయింది. మెత్తబడ్డ నూలుకు సిరిసిల్లలో ఏం చేస్తారో ఐలయ్య దానికీ అదే చేశాడు. గంజి పెట్టాడు.

శ్రీవాణి లేచి చూసింది. గుండ్రటి ముద్ర ఊదారంగు మరకై ప్రిన్సిపాల్ సంతకాన్ని మింగేసింది.

"బాపూ! ఏం జేసినవే?"

"గట్టిగ జేసిన బిడ్డా. నీ మనుమరాండ్లకు గూడ పనికొస్తది."

"నూనెల ఏస్తే అప్పడం గూడ అయితది," అంది పొయ్యి దగ్గర్నుంచి తల్లి రాజమణి.

జగిత్యాల బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మకు ఐలయ్య చెప్పుకొచ్చాడు. "నేను గంజి వెట్టిన ధోతి ఒక్కటే నిలవడ్డదవ్వా. దాన్ని కట్టే పెద్దమనిషి పండుకుంటే, ధోతే పోయి ఓటేసొచ్చింది!"

ముసలమ్మ పడీపడీ నవ్వింది. శ్రీవాణి కిటికీ వైపు తిరిగింది. తువ్వాలలో చుట్టిన కాగితాన్ని ఐలయ్య మాత్రం మాటిమాటికీ తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

కాలేజీ ఆఫీసులో క్లర్కు సంజీవ్ దాన్ని బల్లకేసి కొట్టాడు. టక్కుమంది.

"ఇదేం అట్టముక్కనే?"

"గంజి వెట్టిన సార్. పోగు తెగకుండ పెడ్తం గద, గట్లనే అనుకున్న. తప్పు నాది. పిల్ల సీటు పోనియ్యకుండ్రి."

దారంతా కోతలు కోసిన మనిషి చేతులు జోడించాడు. సంజీవ్ నవ్వు ఆపుకుంటూ కొత్త కాగితం తీసి, ముద్ర కొట్టి, సంతకం చేయించి తెచ్చాడు. ఐలయ్య చాచిన చేతిని దాటించి శ్రీవాణికి ఇచ్చాడు.

"మీ బాపును దీని దగ్గరికి రానియ్యకు!"

పొద్దున్నుంచీ బిగుసుకున్న శ్రీవాణి అప్పుడు నవ్వింది.

హాస్టల్లో కాగితం తీసుకొని, ఆమెకు మంచం చూపించారు. గేటు దాకా వచ్చి తండ్రితో అంది, "పాతది పారెయ్యకు బాపూ. దోస్తులను తీస్కొస్త, సూపెట్టాలె."

"గందాక ఎందుకు బిడ్డా. గదే నడుసుకుంట నీ తానికొస్తది," అన్నాడు ఐలయ్య. ఆమె సంచీ భుజాన వేసుకొని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం సిరిసిల్లలో సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. గోడలు అదిరాయి, రేకులు అదిరాయి, రాజమణి చేతిలో చాయ్ గ్లాసు అదిరింది. మేకుకు తగిలించిన బోనఫైడ్ మాత్రం తన ఊదా మరకతో, ఎక్కడా ముడత లేకుండా, నిటారుగా ఉంది.