మైళ్ల దానం

"నీకు అన్నిటికంటే ఇష్టమైన పండేమిటి లూర్డెస్?" అని అడిగాడు ఆర్లిండో. నేను సింకు దగ్గర నిలబడి పెనం అడుగున అంటుకున్న చేప తోలు గీకుతున్నాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నా మొగుడు నన్ను చాలా ప్రశ్నలే అడిగాడు. ఉప్పెక్కడుంది, కారు తాళాలెక్కడ, నీలం చొక్కా ఉతికావా. నా ఇష్టం గురించి అడగడం ఇదే మొదలు. చెయ్యి తుడుచుకుని వెనక్కి తిరిగి చూశాను. బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది, ఎప్పుడూ ఉండేదే.

"అంజూరం," అన్నాను. అక్కడితో ఆపినా సరిపోయేది. ఆపలేదు. మా నాన్న పెరట్లో అంజూర చెట్టు పెంచిన సంగతి, మంచు పడే ముందు దానికి పాత దుప్పట్లు చుట్టి నెత్తిన బకెట్టు బోర్లించే సంగతి, చీకట్లో దాన్ని చూసి ఎవరో మనిషనుకుని నేను జడుసుకునే సంగతి, అన్నీ చెప్పాను. మర్నాడు మళ్లీ అడిగాడు. "చిన్నప్పుడు ఏ వాయిద్యం నేర్చుకోవాలని ఉండేది నీకు?" సెల్లో అని నేను అంతవరకు ఎవరికీ చెప్పలేదు. అంత పెద్ద పెట్టె మోసుకుని బస్సెక్కుతావా అని నాన్న నవ్విన రోజు నుంచి ఆ మాట నా నోట్లోంచి బయటికి రాలేదు. ఆర్లిండోకి చెప్పాను. ఆ తర్వాతి రోజు నా చిన్ననాటి స్నేహితురాలి ఇంటిపేరు అడిగాడు. సంతోషపడ్డాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, చాలా సంతోషపడ్డాను. ఆ వారం హోటల్ గదిలో అద్దంలో మొహం చూసుకుని, ఈ మనిషిలో ఇంకా అడిగి తెలుసుకోవలసిందేదో ఉన్నట్టుందే అనుకున్నాను.

హోటల్ గది అంటే విలాసమేమీ కాదు. సెలైన్ ఎక్కించే పంపుల కంపెనీలో పని నాది. అమెరికా అంతటా ఆసుపత్రులకు వెళ్లి నర్సులకు వాటిని వాడటం నేర్పుతాను. సోమవారం తెల్లవారకముందే లేచి, వారానికి సరిపడా పులుసులు, అన్నం డబ్బాల్లో పెట్టి, ఏ రోజు ఏది వేడి చేసుకోవాలో వాటిమీద రాసి, ప్రావిడెన్స్‌లో విమానం ఎక్కుతాను. గురువారం సాయంత్రం తిరిగొచ్చేసరికి ఖాళీ డబ్బాలు సింకులో ఉంటాయి. "మా కోడలికేమమ్మా, మేఘాల్లో తిరుగుతుంది," అని మా అత్తగారు దెల్ఫీనా చర్చి మెట్లమీద అందరికీ చెబుతుంది. క్లబ్బులో ఆర్లిండో స్నేహితులు "మీ ఆవిడ గాల్లో కాపురం పెట్టిందటగా" అంటే అతను నవ్వి ఊరుకుంటాడు. జీతం ఉమ్మడి ఖాతాలో పడుతుంది, పడిన వారానికే పైకప్పుకో అత్తగారి కట్టుడు పళ్లకో పోతుంది. ఎగిరిన దూరాన్ని బట్టి విమానం కంపెనీ జమకట్టే మైళ్లు, టికెట్లు కొనుక్కోవడానికి పనికొచ్చేవి, అవొక్కటే నా పేర పడేవి. నడుం నొప్పితో ఇరుకు సీట్లో కూర్చున్న గంటలకి, పిల్లల పుట్టినరోజులు ఫోన్లో చూసినందుకు, అద్దె బట్టలాంటి నా జీవితానికి ఎవరో ఇస్తున్న చిల్లర అవి. ఏళ్ల తరబడి దాచి, నా యాభయ్యో ఏటికి నార్వేకి టికెట్టు తీసుకున్నాను. ఒక్కదానికే. మేము సెలవుకి వెళితే పోర్చుగల్ వాళ్ల అసోరెస్ దీవుల్లో ఆర్లిండో వాళ్ల ఊరికే వెళతాం, అక్కడ ఇంకో వంటింట్లో నిలబడి ఇంకో ముప్పైమందికి వండుతాను. నార్వేలో మా వాళ్లెవరూ లేరు. అందుకే నార్వే.

"ఒక్కదానివీ అక్కడేం చేస్తావు?" అంది మా అత్తగారు.

"పడవలో కూర్చుంటాను అత్తయ్యా."

"కూర్చుని?"

"కూర్చునే ఉంటాను."

ఆవిడ కొడుకు వైపు చూసి బుగ్గలు నొక్కుకుంది.

టికెట్టు పోగా మిగిలిన మైళ్లు అమ్ముదామని ఆర్లిండో చలికాలంలోనే అన్నాడు. క్లబ్బులో ఎవరికో ఒక బ్రోకరు తెలుసట. మన ఖాతాలోకి అతన్ని వెళ్లనిస్తే, మన మైళ్లతో వేరేవాళ్లకి టికెట్లు కొని మనకి డబ్బిస్తాడట. నేను వద్దన్నాను. అది విమానం వాళ్ల షరతులకు విరుద్ధమని, పట్టుకుంటే ఖాతా మూసేస్తారని, అందులో నా పాస్‌పోర్టు నంబరు, కార్డు నంబరు అన్నీ ఉన్నాయని విడమరిచి చెప్పాను. "పైగా అవి నావి," అన్నాను. "నీవి, నావి ఏమిటి, భార్యాభర్తల మధ్య," అన్నాడు. అతని చేపల పడవ మటుకు అతనిదే.

ఈస్టర్ తర్వాత ఏడు వారాలు మా పోర్చుగీసు పేటలో పవిత్రాత్మ కిరీటం ఇంటింటికీ తిరుగుతుంది. ఎవరింటికొస్తే వాళ్లు రోజూ సాయంత్రం జపమాలకి తలుపులు తెరిచిపెట్టాలి, ఆదివారం వచ్చిన వాళ్లందరికీ రొట్టె మీద గొడ్డుమాంసం పులుసు పోసి పెట్టాలి. ఈ ఏడు చీటీల్లో ఆర్లిండో పేరు వచ్చింది. పేరు అతనిది, పులుసు మాది. నేను సెలవు పెట్టుకుని, అత్తగారితో, ఆవిడ చెల్లెళ్లతో కలిసి రొట్టెలు పిసికాను, పుదీనా తుంచాను, హాలంత గిన్నెలు తోమాను. ఊళ్లో ఎవరూ పెట్టనంత ఘనంగా పెట్టాడు ఆర్లిండో, ఏకంగా ఎద్దునే కొన్నాడు. ఇంత డబ్బెక్కడిదని అడిగితే "దేవుడే దారి చూపించాడు" అన్నాడు. ఫాదర్ అతని నెత్తిన వెండి కిరీటం పెట్టినప్పుడు మా అత్తగారు ఏడ్చింది. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే ఉంది. నా ఇష్టాలు అడిగి తెలుసుకున్న మనిషి కదా.

మర్నాడు విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి నా పేరు కొట్టి చూసి తలెత్తలేదు. "మీ ఖాతాకి తాళం వేశారండీ. మోసాల విభాగం వాళ్లతో మాట్లాడాలట," అంది. ఆఫీసు కొన్న టికెట్టు కాబట్టి ఈ ప్రయాణానికి ఇబ్బంది లేదంది. నార్వే టికెట్టు చూడమన్నాను. "అది మీరే రద్దు చేసుకున్నారు కదా పోయినవారం. ఆ మైళ్లు వెనక్కి వచ్చాయి, వాటితో వేరేవాళ్లకి టికెట్లు తీశారు." ఆ వేరేవాళ్ల పేర్లు నేను ఎప్పుడూ విననివి. నా వెనక వరుసలో ఎవరో విసుగ్గా పెట్టె జరిపారు. పక్కకి వచ్చి ఆర్లిండోకి ఫోన్ చేశాను.

"సగమే తీసుకోమన్నాను వాణ్ణి," అన్నాడు. ఏమిటి ఎవరిని అని కూడా నేను ఇంకా అడగలేదు.

"తాళంచెవి చేతికిచ్చి సగం ఇల్లే దోచుకోమన్నావా?"

"నార్వే జోలికి వెళ్లొద్దని కూడా చెప్పాను లూర్డెస్. వాడు మోసం చేశాడు. ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు."

"నేను వద్దన్నాను కదా."

"సొంతానికి వాడుకున్నానా? దేవుడి పనికే కదా. నువ్వు వాళ్లకి ఫోన్ చేసి, ఎవరో హ్యాక్ చేశారు, నాకేం తెలీదు అని చెప్పు. మైళ్లన్నీ తిరిగిచ్చేస్తారు. గొడవుండదు."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో పెళ్లాం సొమ్ము మొగుడు దానం చేసి, కిరీటం కూడా పెట్టించుకున్నాడు. ఆ రోజు పిట్స్‌బర్గ్ ఆసుపత్రిలో నర్సుల ముందు నిలబడి నేను ఎప్పుడూ చెప్పే పాఠమే చెప్పాను. పంపు కోడ్ ఎవరికీ ఇవ్వకండి, పక్క మంచం నర్సు అడిగినా ఇవ్వకండి, తర్వాత ఏం జరిగినా మీ పేరే ఉంటుంది.  ఆఖరి మాట రెండుసార్లు చెప్పాను.

గురువారం ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని మోసాల విభాగానికి ఫోన్ కలిపాను. ఆర్లిండో ఎదురు కుర్చీలో. మా అత్తగారు బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. స్పీకరు పెట్టమని అతనే అన్నాడు. అవతల ఒక పెద్దావిడ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా ఉంది. సంభాషణ రికార్డవుతుందని చెప్పింది.

"ముందు మీరే లూర్డెస్ అని నిర్ధారించుకోవాలమ్మా. ఏళ్ల కిందట ఖాతా తెరిచినప్పుడు మీరిచ్చిన జవాబులే అడుగుతాను. మీకు అన్నిటికంటే ఇష్టమైన పండు?"

నేను ఫోన్ మీంచి కళ్లెత్తి ఎదురు కుర్చీ వైపు చూశాను. ఆర్లిండో బల్లమీదున్న ఉప్పు సీసాని ఇటు తిప్పి అటు తిప్పాడు.

"అమ్మా, వింటున్నారా? నేర్చుకోవాలనుకున్న వాయిద్యం? చిన్ననాటి స్నేహితురాలి ఇంటిపేరు?"

ఇంకెవరికీ చెప్పని ఆ సెల్లోని, నా ఖాతా తాళం తీయడానికి ఎవడో బ్రోకరు ఒక గడిలో టైపు కొట్టాడు. మా నాన్న చెట్టుని, దుప్పట్లని, బకెట్టుని ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని కూడా వినలేదు. ఒక్క మాట ఏరుకుని మిగతాది తోలులా ఒలిచి పారేశాడు. మైళ్లు పోయాయని తెలిసినప్పుడు కోపం వచ్చింది. నార్వే పోయిందన్నప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండూ రాలేదు. ఇరవై రెండేళ్లుగా నాలో ఏ మూలో అంటిపెట్టుకుని ఉన్న సర్దుబాటు ఏదో వదిలింది. అంతే.

మూడు జవాబులూ చెప్పాను.

"సరిపోయాయి. ఇప్పుడు జాగ్రత్తగా వినండి," అంది ఆవిడ. "మీరే మీ ఇష్టంతో ఎవరికైనా ఖాతా ఇచ్చి ఉంటే, దాన్ని శాశ్వతంగా మూసేస్తాం, ఏదీ వెనక్కి రాదు. మీకు తెలియకుండా దొంగిలించారంటే పోలీసు ఫిర్యాదు కావాలి. అది మేం విచారణకి పంపిస్తాం. మీరే ఇచ్చారా అమ్మా?"

"లేదు. నేను ఇవ్వలేదు."

ఆర్లిండో గట్టిగా ఊపిరి వదిలి, అలాగే చెప్పు అన్నట్టు తలూపాడు. మా అత్తగారు శిలువ గుర్తు వేసుకుని, "పోనీలే, దేవుడు చల్లగా చూశాడు," అని గొణిగింది.

"అయితే దొంగతనం అని రాస్తున్నాను. ఎవరు చేసి ఉంటారో ఏమైనా అనుమానముందా?"

లేదను, లేదను అని ఆర్లిండో పెదవులు కదిలాయి.

"అనుమానం కాదండీ, తెలుసు. పేరు రాసుకోండి. ఆర్లిండో మెదైరోస్."

చాకు గిన్నెలో పడింది. "లూర్డెస్," అన్నాడు ఆర్లిండో. మొదటిసారి నా పేరు సరిగ్గా నా కోసమే పిలిచినట్టు వినిపించింది. నేను ఫోన్ వైపే చూస్తున్నాను. అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆవిడ అదే మర్యాదతో అడిగింది.

"అతని చిరునామా తెలుసా అమ్మా?"

"ప్రస్తుతానికి," అన్నాను, "నాదే."