కూర్మారావునకుఁ జుట్టిన తలపాగా

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమునఁ బ్రచండ మార్తాండ కిరణములు జీడితోఁటల యాకులను మాడ్చుచుఁ గొబ్బరిచెట్ల నీడలను మొదళ్లకడకుఁ గుదించి యిసుకదారులను మంగలమువలె వేఁచుచుండ సముద్రముపైనుండి వీచు గాలియు నుప్పుటావిరియై మొగములకుఁ గొట్టుచుండెను. పక్షులు సైతము నోళ్లు తెఱచుకొని కొమ్మల మాటున నొదిగియున్న యా వేళ మామిడితంపర గ్రామజనులు మాత్రము పాఠశాల ముంగిటి తాటాకుపందిరిక్రింద గ్రిక్కిఱిసి యుండిరి. ఆటో నడుపు కూర్మారావునకు నాఁడు సన్మానము.

కిడ్నీలు చెడినవారు లేని యిల్లు ఆ యూర నరుదు. వారిలో డయాలసిస్సుతోఁ బ్రాణములు నిలుపుకొనువారిని గూర్మారావు తన యాటోలో నెక్కించుకొని పట్టణపు టాసుపత్రికిఁ జేర్చి రక్తశుద్ధి ముగియువఱకు వరండాలోఁ గాచియుండి వాంతియైనవారి మొగములు కడిగి నడువలేనివారిని వీపునఁ బెట్టుకొని మరల నిండ్లకుఁ దెచ్చుచుండెను. ఇట్టివానిని గౌరవింపకున్న నూరికే తక్కువయని యువజనసంఘమువారు తలంచుట మంచిదే. కాని రోగులందఱు ఆటోకడ నెటులును ఒక్కచోఁ జేరుదురు గదా యని వారు డయాలసిస్సు నాఁడే ముహూర్తము పెట్టిరి. జిల్లానుండి రావలసిన యధికారిణి ప్రొద్దుననే వచ్చి పోవునని యందఱు నమ్మిరి. ఆమె రాలేదు.

కొడుకు కూర్చున్న బల్లప్రక్కఁ బందిరిగుంజ నానుకొని దాలమ్మ నిలువలేక కూర్చుండలేక తల్లడిల్లుచుండెను. భర్త నీ వ్యాధికే కోలుపోయి యొక్కగానొక్క కొడుకు ఢిల్లేశ్వరరావును దానికే యొప్పగించి బ్రదుకుచున్న యా యిల్లాలు తలుపు గాలికిఁ గొట్టుకొన్నను దుర్వార్త వచ్చెనని గుండె పట్టుకొనునది. ఆసుపత్రిలో వరుస తప్పినచో యంత్రము మఱియొకరికిఁ బోవును. మఱునాఁడు దొరకునో దొరకదో. ఆ లోపల వాని యూపిరితిత్తులలో నీరు చేరినచో?

“ఒరే డిల్లీసూ, ఊపిరాడతందేట్రా?”

“ఆడతందే అమ్మా. ఆడకపోతే నీకు జవాబు ఎవుడు సెప్తన్నాడు?”

“అలాటి మాటలాడకు. నీ కాళ్లు సూడు, బూరెల్నాగ పొంగిపోనాయి.”

“నిన్న గారెలన్నావు కదే.”

కొడుకు నవ్వెను గాని మాటకు మాటకు నడుమ నాతఁడు శ్వాస తీసికొనుచుండుట తల్లి గమనించెను. ఆమె పరుగు పరుగున వేదికకడ నున్న గ్రామపెద్ద గవరయ్యను సమీపించెను.

“మావా, పొద్దు వాలిపోతంది. పిల్లడి వరస పోద్ది. బండి ఒగ్గీయండి.”

“వొచ్చేత్తన్నారంట కోడలా, జీడితోట దాటేసినారంట.”

“పొద్దుట్నించీ ఆ తోటే దాటతన్నారు. అదేటి, తోటా సముద్రమా?”

“మరి పీట మీద కూకున్నోడు ఉత్త తలతో దిగిపోతే ఊరికి మంచిదేటే?”

సన్మానమునకుఁ గూర్చుండినవాఁడు తలపాగా చుట్టించుకొని హారతి యందుకొననిదే పీట దిగరాదనుట యా యూరి కట్టడి. తలపాగా నధికారిణియే చుట్టవలెనని నిశ్చయించిరి. మెడలో దండతో ముచ్చెమటలు క్రమ్మియున్న కూర్మారావు ఆటోవంకఁ జూచుచు లేవఁబోవుటయుఁ బ్రక్కవారు భుజములు పట్టి కూర్చుండఁబెట్టుటయు నప్పటికే పలుమాఱులు జరిగియుండెను.

అంతలో ఢిల్లేశ్వరరావు దగ్గుతెర యెగదన్నఁగా బల్లపైఁ బ్రక్కకు వాలెను. దాలమ్మ వేదిక యెట్లెక్కెనో యామెయే యెఱుఁగదు. పళ్లెరములోని పట్టుతలపాగాను రెండు చేతులఁ దీసికొనెను.

“దాలమ్మప్పా! నువ్వు ముట్టుకోకూడదే!” అని యొక స్త్రీకంఠము కేక వైచెను. విధవ మంగళద్రవ్యమును దాఁకుట కీడని యందఱికంటె దాలమ్మకే యెక్కువ భయము. అయినను వదలలేదు.

“నాను కూడదంటే కూడీది ఎవుత్తో రమ్మను. మొగుడు బతికున్నది ఇంటికొకత్తైనా ఉన్నాదేటి మన ఊర్ల?”

స్త్రీలు పలువురు తలలు వంచుకొనిరి. గవరయ్య కర్పూరము వెలిఁగించెను.

“హారతి నాను ఇస్తాను కోడలా. నువ్వు సుట్టీ.”

ఆమె యెన్నఁడును జుట్టి యెఱుఁగనిది గావునఁ దలపాగా వంకరవంకరగా నొక కంటిపైకి జాఱెను.

“పిన్నీ, తోవ కనబడదే!”

“ఆ తోవ నీకు కళ్లు మూసినా తెలుసు. బేగి ఎక్కరా నాయినా!”

జనులే ఢిల్లేశ్వరరావును మిగిలిన రోగులను నెక్కించి యాటోను నెట్టి దారి పట్టించిరి. రెండు జీడికంచెల నడుమ నొక్క బండి మాత్రమే పట్టు నిసుకదారిలో సగము దూరము పోయిరో లేదో యధికారిణి కారెదురై నిలిచెను. దాని చోదకుఁడు తల బయటఁ బెట్టి “అమ్మగారి బండి, వెనక్కి తియ్యవయ్యా!” అని గద్దించెను. వెనుకకుఁ దీసినచోఁ జిన్నచక్రముల యాటో మునుఁగుటయే, అచట నిసుక యంత లోఁతు. దాలమ్మ దిగి కారున కడ్డముగా నిలిచెను.

అధికారిణి యద్దము దించి “ఏమ్మా, సన్మానం ఎక్కడ?” అని యడిగెను.

“అయిపోనాది తల్లీ, ఇదుగో ఈడికే. మేమే సేసీసినాం. నా గుంటడికి ఊపిరాడతాలేదు. తమరు తోవిస్తే సాలు.”

అధికారిణి వంకర తలపాగాను జూచెను. వెనుక సీటున నోరు తెఱచి గాలి త్రాగుచున్న యువకుని జూచెను. దిగి పట్టుచీర కుచ్చెళ్లు పైకెత్తి మడమలవఱకు నిసుకలో మునుఁగుచుఁ గారు వెనుకకుఁ బోయి రెండు చేతులు చాఁచి “రా, రా, ఎడమకి, ఇంకా రా” యని చోదకునకు దారి చూపుచుఁ బెద్దరోడ్డువఱకు నడచెను. దాలమ్మను మరల నెక్కించుకొని యాటో తన్ను దాఁటునప్పుడు చేతులు జోడించెను. కూర్మారావునకు బ్రతినమస్కారము చేయఁ దీఱిక లేదు.

వేదికపైఁ బలుకవలసిన పొగడ్తలన్నియుఁ బలుకకయే మిగిలెను. ఉపకారికిఁ జేయఁదగిన గౌరవములలో నతని పని కడ్డు తొలఁగుటయే మొదటిదని మామిడితంపర యానాఁడు నేర్చికొనెను. వారు చేరునప్పటికి నర్సు చీవాట్లు పెట్టెను గాని యంత్రము నింకను నొరుల కీయలేదు. ఢిల్లేశ్వరరావు రక్తము సన్ననిగొట్టములలో నెఱ్ఱగాఁ బాఱుచుండ వరండాలోఁ గూర్మారావు గోడ కానుకొని నిద్రపోయెను. మేలుకొనియున్న దాలమ్మ మాత్రము తలుపువంకఁ గొంతసేపును జీఁకటిపడఁబోవు దారివంకఁ గొంతసేపును జూచుచుఁ దిరుగుప్రయాణమును గూర్చి భయపడ మొదలిడెను.