పాస్తా వేసే వేళ

లిఫ్ట్ తలుపు చప్పుడయ్యాకే పాస్తా వెయ్యాలి. ముందే వేస్తే మెత్తబడిపోతుంది. ఆలస్యం చేస్తే ఆయన వచ్చి ఖాళీ గిన్నె ముందు కూర్చోవాల్సి వస్తుంది. లిఫ్ట్ దిగి, బూట్లు విప్పి, మొహం కడుక్కుని, టవల్ మడత నలగకుండా దాని చోట ఆరేసి బల్ల దగ్గరికి రావడానికి మా ఆయనకి తొమ్మిది నిమిషాలు పడుతుంది. నక్షత్రాల్లా ఉండే ఈ బుల్లి పాస్తా సూప్‌లో ఉడకడానికి ఏడు నిమిషాలు. మిగిలిన రెండూ నేను ఊపిరి పీల్చుకోవడానికి.

ఈ ఇటాలియన్ సూప్ నాకు నేర్పింది, నేను రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లోనే స్కానింగ్ చేసే అక్క. ఒకరోజు జ్వరంతోనే డ్యూటీకి వెళ్ళాను. సెలవడిగితే మా ఇన్‌ఛార్జి, ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇదే తలనొప్పి అని పక్కవాడితో అన్నాడు, నాకు వినపడేటట్టే. మధ్యాహ్నం అక్క నన్ను తన గదిలో కూర్చోబెట్టి, డబ్బాలో విడిగా తెచ్చిన పాస్తా మీద ఫ్లాస్కులోంచి వేడి వేడి సూప్ పోసి ఇచ్చింది. వెన్నలో మగ్గిన ఉల్లిపాయ, క్యారెట్, పైన కాస్త చీజ్ తురుము, అంతే. పెళ్ళయ్యాక ఇంకొకరు వండి నా చేతికిచ్చిన తిండి అదే మొదలు. తింటూ ఏడ్చాను. ఉప్పెక్కువైందేమోనని పాపం అక్క కంగారుపడింది.

ఇంట్లో మొదటిసారి నేనూ పాస్తా విడిగానే ఉడికించాను. ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, నిన్న మిగిలినదాంట్లో వేణ్ణీళ్ళు పోసినట్టుందన్నారు. అప్పట్నుంచీ సూప్‌లోనే వేస్తున్నాను, లిఫ్ట్ చప్పుడు విని. మానెయ్యచ్చు కదా అంటారేమో. మానలేను. మా పిచ్చుకకి రాత్రిపూట ఇదొక్కటే కడుపులో ఇముడుతోంది.

పిచ్చుక అంటే మా అమ్మాయి. ఎనిమిదేళ్ళు. రెండు నెలలుగా సాయంత్రం ఆరయ్యేసరికి కడుపునొప్పి అంటూ ముడుచుకుని పడుకుంటుంది. నేనే రక్తం తీసి, నేనే పరీక్షలన్నీ చేశాను. అన్నీ బాగానే ఉన్నాయి. రిపోర్టుల్లో ఏమీ లేదని ఊరట పడాల్సిన తల్లిని, అందుకే నాకు భయం వేసింది. అది ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు.

మా ఆయన్ని ఆఫీసులో ‘బంగారం’ అంటారు. నిజానికి ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, గొంతు కూడా ఎత్తరు. కంచంలో ఏదైనా తేడా వస్తే కుర్చీ వెనక్కి జరిపి లేచిపోతారు. ఆ తర్వాత మాట్లాడరు. ఫోన్లో మాట్లాడతారు, కూరగాయలవాడితో మాట్లాడతారు, టీవీతో కూడా మాట్లాడతారు. మాతో మాట్లాడరు. పోయినసారి పంతొమ్మిది రోజులు. నేను చేసిన తప్పేమిటంటే, వడ్డిస్తూ నా తోడబుట్టిన అక్కతో రెండు నిమిషాలు ఫోన్లో మాట్లాడటం. పదోరోజున పిచ్చుక తను వేసిన బొమ్మ పట్టుకెళ్ళి ఆయన ముందు నిలబడింది. ఆయన దాని రెండు భుజాలూ పట్టుకుని, దారికడ్డమున్న స్టూలుని జరిపినట్టు పక్కకి జరిపి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే మొదటిసారి కడుపునొప్పి వచ్చింది.

అత్తగారితో చెప్పుకున్నాను, బుద్ధి తక్కువై. “కొట్టాడా, తిట్టాడా? నోరు మూసుకుని ఉంటే కూడా కష్టమేనటమ్మా నీకు?” అన్నారావిడ, నవ్వుతూనే. మా అక్క మాత్రం తనింట్లో గది ఖాళీగానే ఉంది, పిల్లని తీసుకుని వచ్చెయ్యమంటుంది. ఏమని చెప్పి వెళ్ళను? సూప్ బాగాలేదని మాట్లాడటం మానేశాడు, అందుకని వచ్చేశానంటే నలుగురూ నవ్వరూ? ఒంటి మీద దెబ్బ ఉంటే చూపించుకోవచ్చు.

ఇవాళ ఏడుంపావుకి లిఫ్ట్ తలుపు చప్పుడైంది. ఆయన దగ్గు కూడా వినిపించింది. పాస్తా వేశాను. తాళం తిరుగుతుందని చూస్తుంటే, తిరగలేదు. పైఫ్లాట్ హెడ్మాస్టరుగారి గొంతు, దాని మీద మా ఆయన నవ్వు. ఆ నవ్వు వినడానికి ఎంత బాగుంటుందో చెప్పలేను. అది విన్నవాళ్ళెవరూ నా మాట నమ్మరు.

పది నిమిషాలైంది. స్టవ్ ఆపేశాను. ఆపినా పాస్తా సూప్‌ని తాగుతూనే ఉంది. పదిహేను నిమిషాలకి గరిటె నిలబడేటంత ముద్దయింది. వేడినీళ్ళు కలిపి రుచి చూస్తే చప్పగా, మందు నీళ్ళలా ఉంది. ఉప్పు వేశాను. మళ్ళీ కొత్తగా చెయ్యడానికి ఇంట్లో ఇంకో పాస్తా ప్యాకెట్ లేదు. రోజూ నలభైమందికి నొప్పి తెలియకుండా సూది గుచ్చే చెయ్యి, ఉప్పుడబ్బా మూత రెండుసార్లు కిందపడేసింది.

అప్పుడే పిచ్చుక లేచి వచ్చింది. స్టూలెక్కి గిన్నెలోకి తొంగి చూసింది. తర్వాత తలుపు వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది.

“నేను పాడుచేశానని చెప్పమ్మా. స్టవ్ ఆపమంటే మర్చిపోయానని చెప్పు. నాకు కడుపునొప్పి కదా, నా మీద ఎక్కువ రోజులుండదు కోపం.”

గరిటె కింద పెట్టి దాని వైపు తిరిగాను. నాకు అర్థం కాలేదనుకుందేమో, మొహం దిగులుగా పెట్టి చూపించింది. “ఇలా ఉంటాను. పోయినసారి కూడా తప్పు నాదని చెప్దామనుకున్నా. భయమేసింది.”

అంటే ఇది ఇప్పుడు తట్టిన ఆలోచన కాదు. నా కూతురు అద్దం ముందు నిలబడి ఈ మొహం అభ్యాసం చేసుంటుంది. నేను లిఫ్ట్ చప్పుళ్ళు నేర్చుకుంటున్నన్నాళ్ళూ నా పక్కనే కూర్చుని తన వంతు పాఠం తను నేర్చుకుంది. నాకంటే బాగా నేర్చుకుంది. ఇంకో ఇరవయ్యేళ్ళకి ఏ వంటింట్లోనో నిలబడి ఇలాగే ఎవరి అడుగుల చప్పుడో వింటూ ఉంటుందని తట్టగానే, ఇన్నేళ్ళుగా నేను పడ్డ భయమంతా ఆ భయం ముందు చిన్నదైపోయింది.

రెండు గిన్నెల్లో సూప్ పోసి బల్ల మీద పెట్టాను. పిచ్చుకని కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాను. ఆయన రాకముందు ఆ బల్ల దగ్గర నేను కూర్చోవడం ఈ ఇంట్లో అదే మొదటిసారి. తాళం తిరిగింది. బూట్లు, మొహం, టవల్. ఆయన వచ్చేసరికి నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది. మమ్మల్ని చూశాక లేదు.

లేచి ఆయనకీ వడ్డించి, మళ్ళీ కూర్చున్నాను. ఆయన చెంచాతో ఒక ముద్ద పైకెత్తి, జారనిచ్చారు.

“ఏమిటిది?”

పిచ్చుక మొహం దిగులుగా మారింది, నోరు తెరవబోయింది. బల్ల కింద దాని మోకాలు మీద చెయ్యి వేశాను.

“సూప్. నేనే చేశాను. మీరు బయట మాట్లాడుతున్నారు కదా, ఈలోపు మెత్తబడింది. తినచ్చు.”

ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. చేతులు కడుక్కోవడం, పడగ్గది తలుపు మూసుకోవడం వినిపించింది. తలుపు గట్టిగా వెయ్యరు, ఎప్పుడూ వెయ్యరు. మామూలుగా అయితే ఈపాటికి నేను ఆ తలుపు బయట నిలబడి, ఏవండీ, ఇంకేదైనా చేసిస్తాను, రెండు నిమిషాలండీ అని బతిమాలుతూ ఉండేదాన్ని. ఇప్పుడు కూడా సగం లేచాను. నా చెయ్యి ఇంకా దాని మోకాలు మీదే ఉంది. కూర్చున్నాను.

ఒక చెంచా తిన్నాను. ముద్దగానే ఉంది, వేడిగా ఉంది. పిచ్చుక గిన్నెలోకే చూస్తూ అడిగింది.

“ఈసారి ఎన్ని రోజులమ్మా?”

“తెలీదమ్మా,” అన్నాను. “మనం ఇక్కడ ఉండం.”