ఆపేసిన రేడియేటర్‌లో నీళ్ళు

నాకూ మా అత్తగారికీ పడదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే నేనేదో మహా ఇల్లాలినని మీరు పొరబడతారు. ఆవిడ సీతాదేవి, నేను వైదేహి. పేర్లు రెండూ ఒక్కరివే, ఆ ఓర్పు మాత్రం ఇద్దరిలో ఎవరికీ రాలేదు. నా సాంబారు నీళ్ళలా ఉంటుందని ఆవిడ గోల, పొద్దున్నే ఆవిడ పెట్టే సుప్రభాతంతో నాకు తలనొప్పి. ఆవిడ కెనడాలో మేముండే ఈ విండ్సర్ వచ్చాక మా ఇంట్లో గొడవ లేకుండా గడిచింది ఈ నెల ఒక్కటే. అది కూడా ఆవిడ ఆస్పత్రిలో ఉండబట్టి.

తుంటి ఎముక విరిగింది. ఇక మెట్లెక్కలేదు కాబట్టి కింది గదిలో హాస్పిటల్ బెడ్ వేయాలి. ఆ గదిలో కిటికీ కింద గోడ పొడవునా ఇనుప రేడియేటర్ ఒకటుంది. పాత ఇల్లు కదా, ఒకప్పుడు బేస్‌మెంట్‌లోని బాయిలర్‌లో కాగిన నీళ్ళు వీటిలో తిరిగి ఇల్లంతా వెచ్చబెట్టేవి. మేం వేడిగాలి ఊదే ఫర్నేస్ పెట్టించుకుని బాయిలర్ ఆపేశాం, రేడియేటర్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అది తీస్తేగానీ బెడ్ పట్టదు. రేపు మధ్యాహ్నానికి గది సిద్ధం కాకపోతే ఆవిడను చాతమ్ దగ్గర ఒక కేర్ హోమ్‌కు పంపుతామన్నారు ఆస్పత్రివాళ్ళు. ఆవిడకు వచ్చిన ఇంగ్లిషల్లా "థాంక్యూ", "నో షుగర్". అక్కడ ఎవరితో పోట్లాడుతుంది?

వారం నుంచి మా ఆయన ప్రజ్వల్ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను. ఆవిడ కన్నకొడుకు. ఇవాళ కూడా మీటింగ్ ఉందంటూ మేడ మీదికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఒక సలహా పడేశాడు.

"ఎన్నేళ్ళ నుంచో ఆఫ్‌లో ఉంది వైదేహీ, దాన్లో చుక్క నీళ్ళుండవు. జస్ట్ నట్టు తిప్పడమే."

తిప్పాను. నల్లటి నీళ్ళు ఎగజిమ్మి నా పాదాలనూ చెక్క ఫ్లోర్‌నూ ముంచేశాయి. మురుగు కంపు. ఆపడమైతే ఆపాం, ఖాళీ చేసిన పాపాన ఎవరూ పోలేదు. నట్టు మళ్ళీ బిగించి, ఫ్లోర్ తుడిచి, బేస్‌మెంట్‌లోకి దిగాను. బాయిలర్ అడుగున ఉన్న కుళాయికి గొట్టం తగిలించి, రెండో కొస నేలలోని డ్రెయిన్‌లో పెట్టి తిప్పాను. కాసేపు పారి ఆగిపోయింది. స్ట్రాకు పైన వేలు పెడితే లోపలి జ్యూస్ దిగదు చూడండి, అలా. పైనుంచి గాలి వెళ్ళాలి. మేడ మీది రేడియేటర్‌కు గాలి వదిలే చిన్న మర ఒకటుంది, అదేమో ప్రజ్వల్ కూర్చున్న గదిలోనే.

తలుపు తోసుకుని వెళ్ళాను. స్క్రీన్ మీద మీటింగూ లేదు, ఏమీ లేదు. ఊరికే కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ప్లంబర్ నెక్స్ట్ వీక్ వస్తానన్నాడు" అన్నాడు నన్ను చూడకుండా. "అప్పటిదాకా అమ్మ అక్కడ ఉంటే ఏమవుతుంది? వన్ అవర్ డ్రైవే కదా. వీకెండ్స్ వెళ్ళొద్దాం."

మర తిప్పాను. గాలి సుయ్యిమంటూ లోపలికి పోయింది, కింద నీళ్ళు మళ్ళీ పారుతున్న చప్పుడు వినిపించింది.

"నీకు అడ్డం ఆ రేడియేటర్ కాదు. మీ అమ్మ" అన్నాను.

ల్యాప్‌టాప్ మూసేశాడు. "ఆవిణ్ణి ఎత్తడం, కడగడం నా వల్ల కాదు. భయంగా ఉంది" అన్నాడు చివరికి.

"నాకు మాత్రం సరదానా? ఆ ఏడుపేదో వారం కిందటే ఏడవాల్సింది. కిందికి రా, ఒక కొస పట్టు."

రాలేదు.

పక్కింటి వర్షను పిలిచాను. వరంగల్ పిల్ల, కార్ల ప్లాంట్‌లో పనిచేస్తుంది. "బావ లేడా అక్కా?" అని అడిగి, నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. నట్లు విప్పి, పైపులకు మూతలు బిగించాం. రేడియేటర్‌ను వంచి అడుగున మిగిలిన నీళ్ళు టబ్బులోకి వంపాం. పాత జంపఖానా మీదికి ఎక్కించి వరండాలోకి ఈడ్చుకెళ్ళాం. ఎన్నిసార్లు తోమినా నా గోళ్ళలోని నలుపు పోలేదు.

మర్నాడు బెడ్ వచ్చింది, వెనకే వీల్ చెయిర్‌లో ఆవిడా వచ్చింది. రాగానే కిటికీ వైపు చూసింది.

"నా తువ్వాళ్ళు ఆరేసుకునే ఇనపది ఏదీ?"

"తీసేశాంలేమ్మా, నీ బెడ్ కోసం" అన్నాడు ప్రజ్వల్.

తీసేశాం అట. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు చూసింది. తర్వాత కొడుకు చేతులు చూసింది.

"నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదరా" అంది.

అతను తల దించుకున్నాడు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"సాంబారుందా? నీళ్ళలా ఉన్నా పర్లేదు. వాడు తెస్తాడు. నువ్వు కూర్చో."